ప్యాకింగ్ బల్ల మీద అనుమానం

మధ్యాహ్నం రద్దీ అప్పుడే సద్దుమణిగింది. బల్లలు తుడిచే మనిషి చివరి వరసకి వచ్చేసరికి, ఒక బస్సు కండక్టరు యూనిఫాంలోనే లోపలికొచ్చి, నలిగిన కాగితం సంచిని కౌంటరు మీద పెట్టింది. కేకలేమీ వెయ్యలేదు. మేనేజరు ఎవరని అడిగింది.

"నేనేనండి," అంటూ మేనేజరమ్మ గాజు గదిలోంచి బయటికొచ్చింది. ఆ బర్గర్ల షాపులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు.

"నిన్న ఇదే వేళకి మా పాపకని ఒక బర్గర్ తీసుకెళ్ళాను. మయోనైజ్ వద్దని రెండుసార్లు చెప్పాను. అందులో గుడ్డు ఉంటుంది, పాపకి గుడ్డు పడదు. బిల్లు మీద కూడా పడింది చూడండి."

బిల్లు మీద ‘మయోనైజ్ లేకుండా’ అని స్పష్టంగా అచ్చై ఉంది.

"రెండు ముద్దలు తిందో లేదో పెదాలు ఉబ్బిపోయాయి. ఊపిరాడలేదు. తెల్లారేదాకా ఆస్పత్రిలోనే ఉన్నాం. ఇప్పుడు ఫరవాలేదు."

మేనేజరమ్మ బిల్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివింది. ఏదో క్షమాపణ గొణిగింది.

"దాని కోసం రాలేదమ్మా. ఒక మాట అడుగుదామని వచ్చాను. నేను రోజుకి ఏడెనిమిది వందల టికెట్లు కొడతాను. ఎంత తోపులాటలోనైనా ఒకరడిగిన స్టాపు ఇంకొకరికి కొట్టను. మీరు రాసుకుని మరీ తప్పిచ్చారు. మీ దగ్గర ఎవరైనా కావాలని చేస్తున్నారా?"

ఫిర్యాదు కాగితం మీద పేరూ ఇంటి చిరునామా రాసి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

నిజానికి ఆ ప్రశ్న మేనేజరమ్మకి కొత్తదేమీ కాదు. రెండు నెలలుగా తప్పులు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఉల్లిపాయ వద్దన్నవాళ్ళకి ఉల్లిపాయ, ఐస్ వద్దన్నవాళ్ళకి గ్లాసు నిండా ఐస్. ఒకాయన ఆరుగురి కోసం ప్యాక్ చేయించుకుని ఇంటికెళ్ళి విప్పితే నాలుగు బర్గర్లే ఉన్నాయట. ఇదివరకు రోజుకి రెండో మూడో ఫిర్యాదులొచ్చేవి, ఇప్పుడు డజనుకి తగ్గట్లేదు. ఎంత ఆలోచించినా ఆమెకి ఒక్కటే కనిపించింది. మాంసం ముక్కని బన్నులో పెట్టి, ఉల్లీ సాసూ వేసి, గ్లాసు నింపి, సంచి కట్టే ప్యాకింగ్ బల్ల దగ్గరికి సరిగ్గా రెండు నెలల కిందటే కొత్తమనిషి వచ్చింది.

ఆ కొత్తమనిషికి నలభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎదురుగా రోడ్డవతల ఉన్న వేపుడు కోడి షాపులో ఆరేళ్ళు చేసి, ఉన్నట్టుండి మానేసి ఇక్కడికొచ్చింది. పలకరిస్తే నవ్వుతుంది, అడిగితే తలూపుతుంది, అంతకు మించి నోరు విప్పదు. వచ్చిన వారానికే అందరూ కలిసి ఆవిడకి మూగనోము అని పేరు పెట్టేశారు.

ఆ సాయంత్రం మేనేజరమ్మ వంటగదిలోకి వెళ్ళి పెనం దగ్గర నిలబడింది. పెనం మీద మాంసం ముక్కలు తిప్పే పెద్దాయన ఈ షాపు తెరిచిన రోజు నుంచీ ఉన్నవాడు. అందరికీ పెనం బాబాయే.

"ఏంటి బాబాయ్ ఇదంతా? నీకేమనిపిస్తోంది?"

"నేనేం అంటానమ్మా," అన్నాడు ఆయన, పెనం మీంచి తలెత్తకుండానే. "ఒకరి పొట్ట మీద కొట్టేవాణ్ణి కాదు. అయినా ఆవిడ వచ్చాకే కదా ఇవన్నీ. ఎదురు షాపువాళ్ళు ఊరికే వదులుకుంటారా మనిషిని? మీరే ఆలోచించుకోండి."

మేనేజరమ్మ ఆలోచించుకుంది. ఆలోచించినకొద్దీ అనుమానం ఊబిలా లోపలికి లాగింది. ఎదురు షాపువాళ్ళే పంపారేమో. మన పేరు పాడైతే లాభం ఎవరికి?

మర్నాటి నుంచి నిఘా మొదలైంది. ప్యాక్ అయిన సంచులు కౌంటరు పక్క అరలో పెడతారు. మూగనోము అటు తిరగగానే మేనేజరమ్మ పిల్లిలా వచ్చి ఒక సంచి విప్పి, కౌంటరులో ఉండే బిల్లు నకలుతో సరిచూసి, మళ్ళీ మడిచి పెట్టేది. పొద్దున పూట పది విప్పితే పదీ సరిగ్గా ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఐదు విప్పితే రెండు తప్పు. అంటే పొద్దున సరిగ్గా చెయ్యడం వచ్చన్నమాట. వచ్చీ మధ్యాహ్నం తప్పు చేస్తోందంటే, జనం ఎక్కువున్నప్పుడే దెబ్బ గట్టిగా తగులుతుందనా? అనుమానానికి ఇదొక ఆజ్యం.

మూడో రోజు ఏదో పని ఉన్నట్టు ఎదురు షాపుకి వెళ్ళింది. అక్కడి మేనేజరు మర్యాదగా కుర్చీ వేశాడు.

"పనికి వంక పెట్టలేమండి," అన్నాడు టేబుల్ మీద పెన్ను అటూ ఇటూ తిప్పుతూ. "నోరే మంచిది కాదు. అందుకే పంపించేశాం. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

నోరు మంచిది కాదా? రెండు నెలల్లో పట్టుమని పాతిక మాటలు మాట్లాడని మనిషికి! ఇద్దరిలో ఎవరో ఒకరు నాటకమాడుతున్నారు అనుకుంటూ ఆమె రోడ్డు దాటింది.

ఆ మధ్యాహ్నమే అసలు సంగతి చేతికి చిక్కిందనుకుంది. మూగనోము ఏప్రాన్ జేబులోంచి చిన్న కాగితం తీసి, గోడవైపు తిరిగి ఏదో గీకి, మళ్ళీ జేబులో పెట్టుకోవడం కంటపడింది. ఒకసారి కాదు, అరగంటలో ఏడెనిమిది సార్లు. రద్దీ తగ్గాక ఆవిడ ఆ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసింది. మేనేజరమ్మ ఎవరూ చూడకుండా బుట్టలో చెయ్యిపెట్టి, సాస్ మరకలంటిన ఆ ఉండని తీసుకుంది. గదిలో తలుపేసుకుని విప్పింది.

‘41 ఉ లే. 42 గు లే, 2 ఫ్రై. 43 ఐ లే. 44 ఉ లే గు లే. 46 జు ఎ.’

ఇలా పైనుంచి కిందిదాకా ఉంది. తలా తోకా తెలియలేదు. ఇదేదో సంకేత భాష. ఏ ఆర్డరు చెడగొట్టాలో గుర్తు పెట్టుకుంటోందా, ఎవరికైనా చేరవేస్తోందా?

ఇంటికెళ్ళాక చీటీని అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. చెవులు ఇప్పటికీ పాము చెవులే. గోడవతల ఇంట్లో ఫోను మోగితే, ఎన్నో రింగుకి ఎత్తారో చెప్పగలదు. ఖాళీగా కూర్చోవడమంటే ఆమెకి ఒళ్ళుమంట. కోడలు జరిగిందంతా చెబుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి.

"నన్ను తీసుకెళ్ళు అమ్మాయ్," అంది. "నీ మొహం అందరికీ తెలుసు. నేను ముసలిదాన్ని, మూల కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు."

"అత్తయ్యా, అక్కడ గంటల తరబడి కూర్చోవాలి. మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే. ఆ చీటీ ఇలా పడెయ్. దారిలో చదువుకుంటాను."

మర్నాడు పదకొండున్నరకి అత్తగారు ముతక చీర కట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, ఎవరో తెలియనట్టు వచ్చి వరసలో నిలబడింది. ‘ఉల్లిపాయ లేకుండా, ఐస్ లేకుండా’ అంటూ కావాలనే నసుగుతూ ఆర్డరిచ్చింది. వంటగదిలోకి చూపు పారేలా, ప్యాకింగ్ బల్లకి ఎదురుగా ఉన్న కుర్చీలో స్థిరపడింది. పన్నెండున్నరకి ఇంకోటి, ఒంటిగంటకి మరోటి ఆర్డరిచ్చింది. రెండున్నరకి లేచి, కోడలికి కళ్ళతోనే సైగ చేసి, వెనక సందులోకి నడిచింది.

సందులో ఖాళీ క్రేట్లు పేర్చి ఉన్నాయి. ఒకదాని మీద కూర్చుని అత్తగారు మోకాళ్ళు రాసుకుంది.

"మొదటిది సరిగ్గా ఇచ్చింది. రెండోదీ సరే. మూడోదాంట్లో ఉల్లిపాయ వచ్చింది," అంది.

"చూశారా మరి!"

"నువ్వాగు. నీ చీటీ సంగతి ముందు విను. ఇందులో సంకేతాలూ లేవు, సింగినాదమూ లేదు. ఎక్స్చేంజిలో చేతిలో పది కాల్స్ ఉన్నప్పుడు మేమూ ఇలాగే గీకేవాళ్ళం. ఉ లే అంటే ఉల్లి లేకుండా. గు లే అంటే గుడ్డు లేకుండా. ఐ లే అంటే ఐస్. జు ఎ అంటే జున్ను ఎక్కువ. ముందున్నవి ఆర్డరు నంబర్లు. ఆవిడ చెడగొట్టట్లేదమ్మాయ్. మర్చిపోకుండా రాసుకుంటోంది."

మేనేజరమ్మకి అర్థం కాలేదు. "రాసుకోవడమెందుకు? బల్ల మీద తెర ఉంది కదా. ఆర్డరంతా దాని మీదే కనిపిస్తుంది."

"కనిపిస్తే కదా! నువ్వెప్పుడైనా రద్దీలో ఆ తెర చూశావా? ఆర్డరు పడుతుంది. అటు నీ పెనం బాబాయి ముక్క తిప్పుతాడో లేదో, మోచేత్తో ఒక మీట నొక్కుతాడు. తెర మీద ఆర్డరు మాయం. ఇటు ఆవిడ చేతిలో ఇంకా ఖాళీ సంచే ఉంటుంది. ఒంటిగంటకి లెక్కపెట్టాను. ఒకేసారి తొమ్మిది ఆర్డర్లు ఆవిడ బుర్రలో తిరుగుతున్నాయి, తెర మాత్రం నున్నగా తుడిచిన పలకలా ఉంది. నా ఉల్లిపాయ తొమ్మిదోది, ఆవిడ రాసుకునేలోపే తెర మీంచి పోయింది. నేనైతే నాలుగోదానికే చేతులెత్తేసేదాన్ని."

మేనేజరమ్మ వెనక తలుపులోంచి వంటగదిలోని తెర వైపు చూసింది. ఆ మీట ఎందుకుందో ఆమెకి బాగా తెలుసు. సంచి కొనేవాళ్ళ చేతికి అందాకే అది నొక్కాలి. నొక్కేదాకా గడియారం నడుస్తుంది. గడువు దాటితే ఆర్డరు ఎర్రగా మారుతుంది, ఆ ఎరుపు తిన్నగా హెడ్డాఫీసుకి పోతుంది. ఆ గడువు ఇదివరకు మూడు నిమిషాలు. రెండు నిమిషాలకి తగ్గించి ఎన్నాళ్ళయింది? రెండు నెలలు. మూగనోము పనిలో చేరిన వారమే.

ఆ వారం జరిగిన మీటింగు గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి. అందరినీ నిలబెట్టి తనే అంది: "ఎరుపు నా కంట పడకూడదు. ఎలా చేస్తారో మీ ఇష్టం." ఆ మర్నాటి నుంచే ఎరుపు పోయింది. ఎలా పోయిందో ఆమె అడగలేదు. తను కౌంటరు నుంచి పైకొచ్చిన మనిషి, వంటగదిలో పనిచెయ్యలేదు. గాజు గదిలో కూర్చుని పచ్చటి అంకెలు చూసుకుని మురిసిపోయింది.

పెనం బాబాయిని పిలిచి కూర్చోబెట్టింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీట నొక్కుతున్నది నువ్వేనా?"

"నేనొక్కణ్ణే కాదమ్మా. ఎవరు దగ్గరుంటే వాళ్ళం," అన్నాడు. "మీరే అన్నారు కదా, ఎలా చేస్తారో మీ ఇష్టమని," అని గొణిగాడు.

"మరి నేనడిగితే ఆవిడ మీదకి తోశావేం?"

ఆయన టోపీ అంచుని వేళ్ళతో నలిపాడు. "ఇంకో ఏడాదికి రిటైరవుతాను. ఈ వయసులో ఎవరిస్తారు పని? కొత్తమనిషి కదా, ఎలాగోలా ఇంకోచోట దొరుకుతుందిలే అనుకున్నాను. తప్పే."

ఆయన్ని తిడదామనుకుంది గానీ నోరు రాలేదు. ఆయన మోచెయ్యి నొక్కిన మీట మీద తన వేలు కూడా ఉంది.

మూగనోము సామాను గదిలో గ్లాసుల కట్టలు సర్దుతోంది. మేనేజరమ్మ వెళ్ళి చీటీ ముందు పెట్టింది. ఆవిడ దాన్ని చూసి ఉలిక్కిపడలేదు.

"ఇది నువ్వు రాసిందే కదా?"

"అవును. ఆ పాపకి అలా అయ్యాక మొదలుపెట్టాను. అంతకుముందు బుర్రలోనే పెట్టుకునేదాన్ని. ఆ రోజు ఆ మయోనైజ్ మాట బుర్రలోంచి జారిపోయింది." ఆమె ఇంత పొడుగ్గా మాట్లాడటం మేనేజరమ్మ వినడం ఇదే మొదలు.

"తెర ఖాళీ అయిపోతోందని నాకు చెప్పొచ్చు కదా?"

"అక్కడ చెప్పానమ్మా," అంది ఆవిడ, కిటికీలోంచి ఎదురు షాపు వైపు చూపించి. "గడియారం అబద్ధం చెబుతోందని పెద్దాఫీసరు ముందే అనేశాను. వారం తిరక్కుండా నోరు మంచిది కాదన్నారు. అందుకే ఇక్కడ నోరు మూసుకున్నాను." గ్లాసుల కట్ట అరలో పెట్టి ఇటు తిరిగింది. "మీరు నన్ను అనుమానిస్తున్నారని తెలుసు. సంచులు విప్పి చూసేవారు కదా. నేను అంచు రెండు మడతలేస్తాను. మీరు ఒకటే వేసేవారు."

మేనేజరమ్మ చీటీని మడిచి మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టింది. "నన్ను క్షమించు," అంది చివరికి. ఆవిడ తలూపింది. క్షమించినట్టో, విన్నానన్నట్టో తెలియలేదు.

మర్నాటి నుంచి సంచి కొనేవాళ్ళ చేతిలో పడేదాకా మీట మీద ఎవరి చెయ్యీ పడకూడదని మేనేజరమ్మ చెప్పింది. మధ్యాహ్నానికల్లా తెర రక్తం చిందినట్టు ఎర్రబడింది. తప్పులు మాత్రం డజను నుంచి రెండుకి దిగాయి. ఐదో రోజుకి ఏరియా ఆఫీసరు కారు వచ్చి వాకిట్లో ఆగింది.

ఇస్త్రీ మడత నలగని మనిషాయన. కాఫీ కూడా వద్దన్నాడు. "ఈ జోన్‌లో అన్నిటికంటే పచ్చగా ఉన్న షాపు మీది. వారంలో అట్టడుగుకి దిగిపోయారు. ఏమైంది?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మీట సంగతి, పాప సంగతి, గడువు సంగతి. ఆయన మొహంలో ఆశ్చర్యమన్నది కనిపిస్తుందేమోనని వెతికింది. కనిపించలేదు. ఈయనకి ముందే తెలుసు అనిపించింది. అన్ని షాపుల అంకెలూ ఈయన దగ్గరికే వస్తాయి. తొమ్మిది ఆర్డర్లు చేతిలో పెట్టుకుని రెండు నిమిషాల్లో తేల్చడం మనుషుల వల్ల అయ్యే పనేనా అని ఈయనకి ఎప్పుడూ అనిపించలేదా?

"మిగతా షాపుల్లో ఎలా కుదురుతోందండి?" అని అడిగింది.

ఆయన ఆ మాట విననట్టే డైరీ తెరిచాడు. "ఇదంతా మీకు ఎవరు చెప్పారు?"

చాలా మామూలుగా అడిగాడు. కానీ పెన్ను మూత తీసి ఉంది. గాజు తలుపు అవతల మూగనోము సంచి అంచు మడతపెడుతోంది. పక్కన పెనం బాబాయి వీపు కనిపిస్తోంది.

"ఎవరూ చెప్పలేదండి. నేనే చూశాను," అంది మేనేజరమ్మ.

"మీరే?"

"నేనే. మీట నొక్కమన్నదీ నేనే, మానమన్నదీ నేనే."

ఆయన ఆమె వైపు కాసేపు చూసి, ఏదో రాసుకుని, మూత పెట్టాడు. "ఆ పాప ఇంటికి ఎవరూ వెళ్ళొద్దు. కాగితాల పని హెడ్డాఫీసు చూసుకుంటుంది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

వెళ్ళొద్దన్నాకే వెళ్ళాలనిపించింది. ఆదివారం పొద్దున ఫిర్యాదు కాగితం మీది చిరునామా పట్టుకుని బయల్దేరింది. మూడంతస్తుల పాత భవనం, పైన మూలగది. కండక్టరు ఇనుప జాలీ తలుపు తియ్యకుండా లోపలి నుంచే చూసింది. ఆమె వెనక ఎనిమిదేళ్ళ పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మలకి రంగులేసుకుంటోంది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండి. రావొద్దన్నారు కూడా."

"నిన్న మీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. ఇప్పుడు ఆడమనిషిని పంపితే మెత్తబడతాననుకున్నారా?"

మేనేజరమ్మ సంచి తెరిచి చూపించింది. "కాగితం లేదు. పెన్ను కూడా లేదు. మీరొక మాట అడిగారు. దానికి జవాబు చెప్పి వెళ్ళిపోతాను."

మెట్ల మీదే నిలబడి మొత్తం చెప్పింది. కండక్టరు జాలీ పట్టుకుని చివరిదాకా వింది.

"అయితే ఎవరూ కావాలని చెయ్యలేదంటారు."

"లేదండి."

"మీకు తెలియదా మరి, మీ షాపులో ఏం జరుగుతోందో?"

తెలియదని చెప్పడం తేలిక. ఆమె నోటిదాకా వచ్చింది కూడా. "తెలుసుకుంటే ఆపాల్సి వస్తుందని తెలుసుకోలేదు," అంది.

కండక్టరు తలుపు తియ్యలేదు, పొమ్మనీ అనలేదు. "ఈ మాటే ఇంకెవరైనా అడిగితే చెబుతారా? రాతపూర్వకంగా?" అంది.

"చెబుతాను."

"చూద్దాం," అంది కండక్టరు. ఆ గొంతులో నమ్మకం ఇంకా లేదు. అయినా ఫోన్ నంబరు చెప్పమని రాసుకుంది.

చెప్పినట్టే మేనేజరమ్మ రెండు పేజీలు రాసి, సంతకం చేసి, ఫిర్యాదుకి జతచెయ్యమని కండక్టరుకి ఇచ్చింది. మూడు వారాల తర్వాత ఆమెని ఊరి చివర చిన్న షాపుకి బదిలీ చేశారు. కారణం రాయలేదు. ఆ వారంలోనే అన్ని షాపులకీ గడువు మళ్ళీ మూడు నిమిషాలు చేశారు. దానికీ కారణం రాయలేదు. పెనం బాబాయి ఫోన్ చేసి ఈ కబురు చెప్పి, మూగనోముని ప్యాకింగుకి ఇన్‌చార్జిని చేశారనీ, ఆవిడ ఇప్పుడు వంటగది దద్దరిల్లేలా అరుస్తోందనీ అన్నాడు.

కొత్త షాపులో మొదటి రోజు మధ్యాహ్నం మేనేజరమ్మ గదిలో కూర్చోలేదు. ఏప్రాన్ కట్టుకుని ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడింది. అక్కడ ప్యాకింగు చేసే ఆమె బిత్తరపోయి చూసింది, ఈ కొత్త మేనేజరు దేని కోసం కాపు కాస్తోందా అని. నాలుగో ఆర్డరు పడింది. పెనం వైపు నుంచి ఎవరిదో చెయ్యి మీట మీదకి వెళ్ళబోయి, ఆమెని చూసి ఆగింది.